రాత్రి పెట్టిన సెట్టింగ్ పొద్దున కనపడకపోతే

సూర్యాపేటలో నాది చిన్న డీటీపీ కొట్టు. ఒక జిరాక్స్ మెషీను, రెండు ప్రింటర్లు, నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. పేజ్‌మేకర్ కోసం ఒకదాంట్లో విండోస్ ఉంచాను. మిగతా మూడూ పాతవి, 4 జీబీ ర్యామ్‌వి. వాటిలో విండోస్‌కి బదులు లైనక్స్ మింట్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేసుకుని దరఖాస్తులు, కరపత్రాలు, శుభలేఖల మ్యాటర్ కొడుతుంటాం.

ఒక మాఘమాసంలో, ముహూర్తాలు వరసగా ఉన్న రోజుల్లో, మూడో సిస్టమ్‌కి ఈ జబ్బు పట్టుకుంది. దానికి పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసి వారం కూడా కాలేదు. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు అంతా బాగానే ఉండేది. తెల్లారి లాగిన్ అయితే తెలుగు కీబోర్డు లేదు, కింది ప్యానెల్లో పెట్టుకున్న బటన్లు లేవు, అక్షరాలు మళ్లీ చిన్నవైపోయాయి. ఆ సిస్టమ్ మీద పనిచేసే అమ్మాయికి చూపు తక్కువ. ఆమె కోసమే అక్షరాలు పెద్దవి చేసి పెట్టాను. పాపం రోజూ పొద్దున పావుగంట కూర్చుని అన్నీ మళ్లీ సరిచేసుకునేది. ఎదురుగా పెళ్లివాళ్లు, పసుపు రాసిన లగ్నపత్రిక చేతిలో పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు. ఇరవై రోజులు ఇదే టెన్షన్. చూడ్డానికి వచ్చిన మెకానిక్ ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. నాకు మనసొప్పలేదు. చివరికి జబ్బేమిటో తెలిశాక ఒక్క కమాండుతో పోయింది.

అప్పట్నుంచి చుట్టుపక్కల కొట్లవాళ్లు "అక్కా, మా సిస్టమ్ అన్నీ మర్చిపోతోంది" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లని నేను అడిగేవి, వాళ్లతో చేయించేవి ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు కూడా ఫోన్లో చెప్పినట్టే రాస్తాను. స్పేస్ అన్నచోట స్పేస్ బార్ నొక్కండి. పెద్ద అక్షరం అని ప్రత్యేకంగా చెబితే తప్ప అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే.

పొద్దున ఏ రూపంలోకి వెళ్తోంది?

ఏదీ ముట్టుకోకముందు ఇది చూడండి. సెట్టింగులు పోయాయని అందరూ చెబుతారు. పోయి ఏ రూపంలోకి వచ్చాయో మాత్రం గమనించరు. నేనూ ఇరవై రోజులు గమనించలేదు. జబ్బు గుట్టంతా అక్కడే ఉంటుంది.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన రోజు ఎలా ఉందో సరిగ్గా అలాగే కనిపిస్తోందంటే, సిస్టమ్ మీ సెట్టింగుల ఫైల్ని చదవనే లేదు, లేదా ప్రతిసారీ కొత్త మనిషిగా లాగిన్ అవుతున్నారు. అలా కాకుండా మీ సొంత సెట్టింగులే, కానీ వారం కిందటివో నెల కిందటివో కనిపిస్తుంటే, ఫైల్ని చదువుతోంది కానీ కొత్తవి రాయలేకపోతోంది. ఇక అన్నీ నిలిచి ఏదో ఒక్కటే, అంటే కీబోర్డో తెర రిజల్యూషనో మాత్రమే మారిపోతుంటే, అది సేవ్ అయ్యే ఉంటుంది. లాగిన్ అయ్యాక ఇంకో ప్రోగ్రామ్ వచ్చి దాని మీద తన మాట పెడుతోంది.

ఈ మూడు వేరువేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మా మూడో సిస్టమ్ సంగతే చెప్తాను. ఒకరోజు ఆ అమ్మాయి సరిచేసుకునేలోపు నేనే వెనక నిలబడి తెర చూశాను. తెర మీద యాదగిరిగుట్ట గోపురం ఫొటో ఉంది. అది మా రెండో సిస్టమ్ మీది ఫొటో! మూడోదాని మీదికి ఎందుకొచ్చింది? కింది ప్యానెల్ చూస్తే అదీ రెండోదాని ప్యానెలే. ఎస్‌ఎస్‌డీ వేసిన రోజు మా కుర్రాడు రెండోదాని సెట్టింగుల్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇందులో పెట్టాడు. రోజూ పొద్దున సిస్టమ్ ఆ రోజుకే వెళ్తోంది. అంటే చదువుతోంది, రాయలేకపోతోంది. సగం పని అక్కడే అయిపోయింది.

సెట్టింగ్ ఎక్కడ రాసుకుంటుంది

మా కొట్లో ఉద్దెర లెక్క రాసే పద్ధతి ఒకటుంది. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరెంత ఇవ్వాలో కుర్రాడు మనసులో పెట్టుకుంటాడు. కాస్త తీరిక దొరగ్గానే ఖాతా పుస్తకంలో ఎక్కిస్తాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ పనిచేసేది ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే ప్రోగ్రామ్. మీరు వాల్‌పేపర్ మార్చగానే అది మెమరీలో పెట్టుకుంటుంది, తెర మీద వెంటనే మార్పు కనిపిస్తుంది. ఆ తర్వాతే డిస్కు మీది ఫైల్లో రాస్తుంది. పుస్తకం దొరక్కపోయినా, పేజీలు నిండిపోయినా మీకు తెర మీద ఏమీ తెలియదు. ఆ రోజంతా మెమరీతోనే నడిచిపోతుంది. లాగౌట్ కాగానే ఆ మెమరీ పోతుంది. మళ్లీ లాగిన్ అయినప్పుడు పుస్తకంలో ఏముందో అదే చదువుతుంది.

ఆ పుస్తకం ఉండేది మీ హోమ్ ఫోల్డర్లో డాట్ కాన్ఫిగ్ అనే ఫోల్డరులోపల, ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే ఫోల్డర్లో. పేరు ముందు చుక్క ఉంటే ఆ ఫోల్డర్ మామూలుగా కనపడదు. ఫైల్ మేనేజర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనపడుతుంది. దానిలోపల ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ ఫోల్డరు, ఇంకా లోపల ప్యానెల్‌కి ఒకటి, డెస్క్‌టాప్‌కి ఒకటి, కీబోర్డుకి ఒకటి చొప్పున ఎక్స్ఎంఎల్ ఫైళ్లుంటాయి. ఒక సెట్టింగ్ మార్చి, పది సెకన్లు ఆగి, ఆ ఫైలు మీద ఉన్న తేదీ, టైము చూడండి. ఇప్పటి టైము పడితే రాస్తోందన్నమాట. పాత తేదీయే ఉంటే రాయట్లేదు. లాగౌట్ చేసి చూడాల్సిన అవసరం కూడా లేదు.

ఒక జాగ్రత్త. లాగిన్ అయి ఉండగా ఆ ఫైల్ని ఎడిటర్లో తెరిచి చేత్తో మార్చకండి. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ తన మనసులో ఉన్నదాన్నే మళ్లీ దాని మీద రాసేస్తుంది, మీరు మార్చింది పోతుంది. "ఫైల్లోనే మార్చాను అక్కా, అయినా నిలవలేదు" అని ఒకరు ఫోన్ చేశారు. ఆయన సిస్టమ్‌కి ఏ జబ్బూ లేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ కాకుండా సిన్నమన్, మాటే, గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లకి పుస్తకం వేరు. డాట్ కాన్ఫిగ్‌లోనే డీకాన్ఫ్ అనే ఫోల్డర్లో యూజర్ అనే ఒకే ఫైలు ఉంటుంది. అది తెరిచి చదివేది కాదు, కానీ తేదీ చూసే పరీక్ష దానికీ పనిచేస్తుంది. ఏదైనా ప్రోగ్రాముని టెర్మినల్ నుంచి, అంటే కమాండ్లు కొట్టే కిటికీ నుంచి తెరిచినప్పుడు జీసెట్టింగ్స్ మెమరీ బ్యాకెండ్ వాడుతున్నామని హెచ్చరిక వస్తే, డీకాన్ఫ్‌కి సంబంధించిన ప్యాకేజీ పోయిందని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్లో డీకాన్ఫ్ జీసెట్టింగ్స్ బ్యాకెండ్ అని వెతికి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

కొత్త యూజర్‌తో పరీక్ష

మెనూలో యూజర్స్ అండ్ గ్రూప్స్ తెరిచి పరీక్ష అనో టెస్ట్ అనో ఒక కొత్త యూజర్ని చేయండి. ఆ పేరుతో లాగిన్ అయి వాల్‌పేపర్ మార్చి, లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అవ్వండి. కొత్త యూజర్‌కి నిలిస్తే జబ్బు మీ హోమ్ ఫోల్డర్లో ఉంది. కొత్త యూజర్‌కీ నిలవకపోతే డిస్కులోనో సిస్టమ్‌లోనో ఉంది. ఐదు నిమిషాల పని. ఫార్మాట్ మాట ఎత్తేముందు ఎవరైనా ఇది చేయాలి. ఫార్మాట్ కొడితే గిరాకీల పాత ఫైళ్లు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్లీ సమకూర్చుకోవాలి. ఆ కష్టం పడేది మెకానిక్ కాదు, మనం.

ఫ్యాక్టరీ రూపంలోకి వెళ్తుంటే

దీనికి కారణాలు చిన్నవి, త్వరగా తేలిపోతాయి. తెర మీద ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్ అనే బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే మీరు ఇంకా పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతున్నారు, డిస్కులో ఇన్‌స్టాలే కాలేదు. అందులో ఏం మార్చినా షట్‌డౌన్‌తో పోతుంది. లాగిన్ తెరలో గెస్ట్ సెషన్ ఎంచుకున్నా అంతే, బయటికి రాగానే ఆ ఫోల్డర్ మొత్తం తుడిచేస్తుంది. కాలేజీ ల్యాబుల్లో డీప్ ఫ్రీజ్ లాంటివి వేసి ఉంచుతారు. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పాత రూపానికి తేవడమే వాటి పని, అందుకే వేస్తారు. అక్కడ ల్యాబ్ చూసుకునేవాళ్లని అడగడం తప్ప మనం చేసేదేమీ లేదు.

విండోస్‌లో కూడా దీనికి చెల్లెలు లాంటి జబ్బు ఉంది. లాగిన్ కాగానే టెంపరరీ ప్రొఫైల్‌తో వచ్చారని మూలన ఒక మెసేజ్ పడుతుంది. డెస్క్‌టాప్ మీద ఫైళ్లు కూడా కనపడవు, అందరూ హడలిపోతారు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్లో మీ పేరు మీద అలాగే ఉంటాయి. ముందు వాటిని వేరే డిస్కుకి కాపీ తీసుకోండి. ఆ టెంపరరీ లాగిన్‌లో ఉండగా డెస్క్‌టాప్ మీద కొత్త పని ఏదీ సేవ్ చేయకండి, లాగౌట్‌తో పోతుంది. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే రిజిస్ట్రీలో ప్రొఫైల్ లిస్ట్ అనేచోట సరిచేయాలి. అది తెలిసినవాళ్లతోనే చేయించండి.

మీ పాత రూపంలోకి వెళ్తుంటే: ముందు డిస్కు

టెర్మినల్ తెరిచి డీ ఎఫ్, స్పేస్, మైనస్, హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే పట్టికలో చివరి గడిలో ఒక్క స్లాష్ గుర్తు మాత్రమే ఉన్న వరస చూడండి. దాని పక్కన శాతం ఉంటుంది. అది 100 అయితే దొంగ దొరికినట్టే.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. డిస్కు నిండిపోతే సిస్టమ్ ఆన్ కాకూడదు కదా, మాది మామూలుగానే నడుస్తోందే అని. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 డిస్కులో 5 శాతం జాగాని ముందే పక్కన పెడతారు. అది రూట్‌కి, అంటే సిస్టమ్ యజమానికి మాత్రమే. 120 జీబీ డిస్కయితే దాదాపు 6 జీబీ. మనకి డిస్కు నిండినా సిస్టమ్ సొంత పనులకి ఇంకా జాగా ఉంటుంది కాబట్టి అది హాయిగా ఆన్ అవుతుంది. మన ఫైళ్లు, మన సెట్టింగులు మాత్రం రాసే చోటు ఉండదు.

మింట్‌లో డిస్కు నింపేది ఎక్కువగా టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ పాడైతే వెనక్కి తెచ్చుకోవడానికి అది స్నాప్‌షాట్లు, అంటే సిస్టమ్ ఫైళ్ల కాపీలు తీసి పెడుతుంది. మంచి పనే, తీసేయమని నేను చెప్పను. కానీ అదే డిస్కులో రోజుకి ఐదు, వారానికి మూడు అంటూ పెట్టుకుంటే చిన్న ఎస్‌ఎస్‌డీ ఏ మూలకి? టైమ్‌షిఫ్ట్ తెరిచి పాతవి ఎంచి డిలీట్ చేయండి. షెడ్యూల్లో వారానికి ఒకటి, మొత్తం రెండు ఉండేలా మార్చండి. స్నాప్‌షాట్లని ఫైల్ మేనేజర్లోంచి తుడవకండి, టైమ్‌షిఫ్ట్‌లోంచే తీయండి. ఆ తర్వాత ట్రాష్ ఖాళీ చేయండి. మా కొట్లో ఒకసారి ట్రాష్‌లోనే 11 జీబీ ఫ్లెక్సీ ఫైళ్లు దొరికాయి.

జాగా ఉన్నా రాయట్లేదంటే, హోమ్ ఫోల్డర్లో కుడి క్లిక్ చేసి ఒక ఖాళీ ఫైలు చేసి చూడండి. రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అని మెసేజ్ వస్తే వెంటనే చేతులు ఆపేయండి. డిస్కులో తప్పు కనపడి, ఇంకా పాడు కాకుండా లైనక్స్ రాయడం ఆపేసిందన్నమాట. ఇక సెట్టింగుల గురించి ఆలోచించొద్దు. గిరాకీల ఫైళ్లని వేరే డిస్కుకి కాపీ తీయడం ఒక్కటే ఆ రోజు పని. ఆ తర్వాత డిస్కుని పరీక్ష చేయించి, అవసరమైతే మార్చండి.

ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉంది?

మా మూడో సిస్టమ్ జబ్బు ఇదే. ఫోన్లో నేను చూసినవాటిలో సగం కూడా ఇదే.

లైనక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక యజమాని పేరు ఉంటుంది, పొలానికి పట్టా ఉన్నట్టు. పొలం మన ఊళ్లోనే ఉన్నా పట్టా ఇంకొకరి పేరు మీద ఉంటే మనం నాటు వేయలేం. మీ హోమ్ ఫోల్డర్లో ఉన్న ఫైలైనా రూట్ పేరు మీద ఉంటే చాలావరకు చూడగలరు కానీ మార్చలేరు.

మా కుర్రాడు చేసింది ఇది. రెండో సిస్టమ్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లోకి తీశాడు. మామూలు పెన్‌డ్రైవులు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటాయి, వాటిలో యజమాని పేరు రాసుకునే గడే లేదు. కాబట్టి పట్టా వివరం దారిలోనే పోయింది. మూడోదాంట్లో ఉన్న పాత ఫోల్డర్ తీసేసి, దాని చోట కొత్తది పెట్టాడు. ఆ కాపీ కమాండుకి ముందు అలవాటుగా సూడో తగిలించాడు. సూడో అంటే ఈ పని రూట్ చేస్తున్నట్టు చేయి అని. రూట్ చేసిన ఫైళ్లు రూట్ పేరు మీదే రిజిస్టరయ్యాయి. పిల్లవాడు మంచి మనసుతోనే చేశాడు, అన్ని సిస్టమ్‌లూ ఒకేలా ఉంటే మాకు సులువని. సూడో అంటే ఏమిటో నేను వాడికి ముందే చెప్పి ఉండాల్సింది.

చూడాలంటే టెర్మినల్లో సీ డీ, స్పేస్, డాట్ కాన్ఫిగ్ కొట్టి ఎంటర్. తర్వాత ఎల్ ఎస్, స్పేస్, మైనస్, ఎల్ ఏ కొట్టి ఎంటర్. ఒక్కో వరసలో మొదట డీ, ఆర్, డబ్ల్యూ, ఎక్స్ లాంటి అక్షరాల గుంపు, తర్వాత ఒక అంకె, ఆ పక్కన రెండు పేర్లు ఉంటాయి. ఆ పేర్లు రెండూ మీ లాగిన్ పేరే కావాలి. మాకు అన్ని వరసల్లోనూ కొట్టు పేరే ఉంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ4 వరసలో మాత్రం రూట్, రూట్ అని రెండుసార్లు ఉంది. ఇరవై రోజుల బాధకి కారణం ఆ నాలుగక్షరాల మాట.

హోమ్ మొత్తంలో ఇలాంటివి ఎన్నున్నాయో ఒకేసారి చూడాలంటే ఫైండ్, స్పేస్, స్లాష్ హోమ్ స్లాష్ మీ లాగిన్ పేరు, స్పేస్, మైనస్ నాట్, స్పేస్, మైనస్ యూజర్, స్పేస్, మళ్లీ మీ లాగిన్ పేరు కొట్టండి. ఏమీ రాకపోతే అన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. వరసగా పేర్లు వస్తే అవన్నీ వేరేవాళ్లవి.

సరిచేసే కమాండు ఇది. సూడో, స్పేస్, సీ హెచ్ ఓ డబ్ల్యూ ఎన్, స్పేస్, మైనస్ పెద్ద ఆర్, స్పేస్, మీ లాగిన్ పేరు, కోలన్, మళ్లీ మీ లాగిన్ పేరు, స్పేస్, స్లాష్ హోమ్ స్లాష్ మీ లాగిన్ పేరు. ఎంటర్ నొక్కేముందు చివరి భాగాన్ని మళ్లీ ఒకసారి చదువుకోండి. అక్కడ హోమ్, మీ పేరు తప్పనిసరిగా ఉండాలి. ఒట్టి స్లాష్ దగ్గర వేలు జారి ఎంటర్ కొడితే సిస్టమ్ ఫైళ్లన్నీ మీ పేరు మీదికి మారిపోయి సూడో కూడా పనిచేయని స్థితి వస్తుంది. ఫోన్లో చెప్పేటప్పుడు నేను ఈ ఒక్క లైనుని వాళ్లచేత తిరిగి చదివించుకున్నాకే ఎంటర్ నొక్కమంటాను. తర్వాత రీస్టార్ట్ చేసి, సెట్టింగులు ఆఖరిసారి పెట్టుకుని, లాగౌట్ చేసి చూడండి.

పాస్‌వర్డ్ కొట్టాక తెర ఒకసారి మెరిసి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంటే, హోమ్‌లో డాట్ ఎక్స్అథారిటీ అనే ఫైలు ఇలాగే రూట్ పేరు మీదికి వెళ్లి ఉండొచ్చు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే నల్ల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి పై కమాండే ఇవ్వండి.

మింట్‌కి ఆధారమైన ఉబుంటులో, 19.10కి ముందు వెర్షన్లలో సూడోతో కిటికీ తెరుచుకునే ప్రోగ్రాములు నడిపినా మన హోమ్‌లోనే రూట్ ఫైళ్లు పడేవి. ఆ వెర్షన్ నుంచి సూడో రూట్ సొంత ఫోల్డర్‌నే వాడుతోంది. మింట్ 20 నుంచీ అంతే. పాత మింట్ 19 ఇంకా వాడేవాళ్లు మాత్రం సూడోతో ఫైల్ మేనేజరో టెక్స్ట్ ఎడిటరో తెరవకండి.

సేవ్ చేసిన పాత సెషన్

డిస్కు బాగుంది, పట్టా మీదే ఉంది, అయినా లాగిన్ కాగానే ఎప్పటివో కిటికీలు తెరుచుకుంటున్నాయా? లాగౌట్ బాక్సులో కింద సేవ్ సెషన్ ఫర్ ఫ్యూచర్ లాగిన్స్ అని చిన్న గడి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి టిక్ పెట్టి తర్వాత తీసేస్తే, ఆ టిక్ పెట్టిన రోజునాటి కిటికీలే రోజూ వస్తుంటాయి. ఆ గడిలో టిక్ లేకుండా చూసుకుని, హోమ్‌లో డాట్ క్యాష్ లోపల సెషన్స్ అనే ఫోల్డర్లో ఉన్నవి తుడిచి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ ఫైళ్లు పోయినా మీ సెట్టింగులకి ఏమీ కాదు.

తెలుగు కీబోర్డు ఒక్కటే పోతుంటే

మన కొట్లవాళ్లకి అన్నిటికంటే బాధ పెట్టేది ఇది. వాల్‌పేపర్ పోతే పని ఆగదు, కీబోర్డు పోతే మ్యాటర్ కదలదు.

ముందు సెట్టింగ్స్‌లో కీబోర్డు తెరిచి లేఅవుట్ ట్యాబ్ చూడండి. పైన యూజ్ సిస్టమ్ డిఫాల్ట్స్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ మీ లిస్టు చెల్లదు. ఆఫ్ చేసి, ఇంగ్లీషు కింద తెలుగు కలిపి, రెండింటి మధ్య మారడానికి కీలు ఎంచుకోండి. తెలుగు అని ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్ వస్తుంది. సరిచూసుకోవడానికి కే నొక్కితే క, హెచ్ నొక్కితే ప, డీ నొక్కితే పొల్లు రావాలి.

ఇదంతా చేశాక కూడా లాగిన్ కాగానే ఇంగ్లీషులోకే వెళ్తోందంటే ఐబస్ మీద అనుమానపడండి. ఐబస్ అనేది టైపింగ్ పద్ధతుల్ని చూసుకునే వేరే ప్రోగ్రామ్. దానికి తన లిస్టు తనకుంటుంది. లాగిన్ అయినప్పుడు అది మొదలై తన లిస్టులో మొదట ఏముందో ఆ లేఅవుట్ పెట్టేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ మీరు చెప్పింది రాసుకుంది, చదివింది, పెట్టింది కూడా. ఆ తర్వాత ఐబస్ వచ్చి మార్చింది. ఒక సిస్టమ్‌కి ఇద్దరు పెద్దలుంటే ఆఖరికి వచ్చినవాళ్ల మాటే చెల్లుతుంది.

కాబట్టి ఎవరో ఒకరినే ఉంచాలి. ఇన్‌స్క్రిప్ట్ మాత్రమే కొట్టేవాళ్లకి ఐబస్ అవసరం లేదు. మింట్ మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి నన్ అని పెట్టి, లాగౌట్ అయి రండి. మూడో సిస్టమ్‌లో ఆ అమ్మాయికి అలాగే పెట్టాను. రెండోదాంట్లో మా కుర్రాడు యాపిల్ లేఅవుట్ కొడతాడు, అప్పుడప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా. అవి కావాలంటే ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ ఉండాల్సిందే. అక్కడ ఎక్స్‌ఎఫ్‌సీఈ లిస్టులో ఇంగ్లీషు ఒక్కటే ఉంచి, తెలుగు మొత్తాన్ని ఐబస్‌కి అప్పగించాను. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో యూజ్ సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్ అనే టిక్ ఉంటుంది. అది కూడా పెట్టుకుంటే ఇంగ్లీషు లేఅవుట్ జోలికి ఐబస్ రాదు.

నమ్‌లాక్ ఆరిపోవడం కూడా ఇలాంటిదే. కీబోర్డు సెట్టింగ్స్‌లో రిస్టోర్ నమ్‌లాక్ స్టేట్ అనే టిక్ ఒకటి, మింట్ లాగిన్ విండో సెట్టింగ్స్‌లో నమ్‌లాక్‌ది ఇంకొకటి ఉంటాయి. రెండూ చూడండి.

మెయిన్ కట్టేసే అలవాటు

ఇది కొట్లున్నవాళ్లకే చెబుతున్నాను. తొమ్మిదింటికి షట్టర్ దించుతూ, సిస్టమ్ షట్‌డౌన్ అవుతోంది కదా అని మెయిన్ స్విచ్ కట్టేస్తాం. మార్చిన సెట్టింగ్‌ని ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ కాసేపాగి రాస్తుందని పైన చెప్పాను. అది రాశాక కూడా లైనక్స్ ఆ రాతని మామూలుగా 30 సెకన్ల దాకా మెమరీలో ఉంచుకునే డిస్కుకి ఎక్కిస్తుంది. ఈలోపు కరెంటు పోతే ఆ ఆఖరి మార్పులు గల్లంతు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన కొట్లలో ఈ ఫిర్యాదు ఎక్కువ. సరిగ్గా షట్‌డౌన్ చేస్తే మెమరీలో ఉన్నదంతా రాసి మరీ ఆగుతుంది. డబ్బా మీది లైటు ఆరేదాకా ఉండి అప్పుడు మెయిన్ కట్టండి.

అన్నీ కుదిరాక ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా తిరిగి పెట్టాల్సివస్తే డెస్క్‌టాప్‌లో ఉండగా పెట్టకండి, ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ దాని మీద రాసేస్తుంది. ముందే పెన్‌డ్రైవ్ నుంచి హోమ్‌లోకి ఒక ఫోల్డరుగా దించుకుని, లాగౌట్ అవ్వండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 తెరలో మీ పేరుతోనే లాగిన్ అయి, పాతదాని పేరు మార్చి, కొత్తదాన్ని దాని చోటికి కాపీ చేయండి. సూడో లేకుండా చేయండి. మీరు కాపీ చేసింది మీ పేరు మీదే పడుతుంది.